రుణ అయాన్ల దారిలో ఉప్పు: రెండు శతాబ్దాల సింహావలోకనం

క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్. ముగ్గురూ ఒకే ఇంటి పిల్లలు. పరమాణు భారాలు సుమారు 35.5, 80, 127. నీళ్లలో కరిగించి విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తిస్తే తేలికైన క్లోరైడ్ ముందుంటుందనీ, దానికి మూడున్నర రెట్లు బరువున్న అయోడైడ్ వెనకబడుతుందనీ ఎవరైనా అనుకుంటారు. అలా జరగదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అతి పలుచని ద్రావణంలో ఈ మూడింటి మోలార్ వాహకత్వాల అంకెలు వరసగా 76.3, 78.1, 76.8. చిన్న అయాన్ తన చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఆ బరువంతా ఈడ్చుకుంటూ పోతుంది. పెద్ద అయాన్ నీటిని అంతగా పట్టించుకోదు. ఆ లాభనష్టాలు చెల్లుకుపోయి ముగ్గురూ దాదాపు ఒకే వేగానికి వస్తారు. ఫ్లోరైడ్ ఒక్కటే నీటి బరువుకు బాగా లొంగి 55.4 దగ్గర ఆగిపోతుంది.

అంటే ఒట్టి కరెంటుకు ఈ మూడూ వేరువేరుగా కనిపించవు. మరి వీటిని విడదీసినవాళ్లు ఎలా విడదీశారు? చుట్టూ ఉన్న ద్రావణాన్ని మార్చి. అందులో ఏ లవణం, ఎంత కలిపారన్నదాన్ని బట్టి విభజన నిలుస్తుంది లేదా చెడుతుంది. ఈ సంగతి మొదటినుంచీ కళ్లముందే ఉంది. అయినా లవణాన్ని పీడగా చూడటం మానేసి పనిముట్టుగా పట్టుకోవడానికి శాస్త్రవేత్తలకు చాలాకాలం పట్టింది. నా లెక్కలో ఈ రంగం చరిత్ర అంటే ఆ ఆలస్యం చరిత్రే.

మొదలు మాస్కోలో. 1807లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఫెర్డినాండ్ ఫ్రీడ్రిక్ రాయిస్ తడి బంకమట్టిలో గాజు గొట్టాలు గుచ్చి, నీళ్లు పోసి, వోల్టా బ్యాటరీ కలిపాడు. మట్టి రేణువులు ధన ధ్రువం వైపు, నీళ్లు రుణ ధ్రువం వైపు కదిలాయి. ఆవేశమున్న కణం కదలడం ఒకటి, దానికి ఎదురుగా ద్రవమే ప్రవహించడం ఇంకొకటి. ఈ రంగాన్ని తర్వాత రెండు వందల ఏళ్లు నడిపించిన రెండు ప్రవాహాలూ ఆ ఒక్క ప్రయోగంలోనే దొరికాయి. 1834లో ఫారడే, పండితుడు హ్యూయెల్ సలహా తీసుకుని, అయాన్లకు ఆ పేరు పెట్టాడు. 1870లలో కోల్‌రాష్ ఒక్కొక్క అయాన్ తన పక్కవాడితో సంబంధం లేకుండా తన వేగంతో తాను కదులుతుందని చూపాడు. ఇది అతి పలుచని ద్రావణాలకు చెల్లే మాట. తర్వాతి పేచీలన్నీ ద్రావణం చిక్కబడ్డాక వచ్చినవే.

1886లో ఆలివర్ లాడ్జ్ ఇంగ్లండులో ఒక గొట్టం నిండా జెల్లీ పోసి, అందులో కాస్త మామూలు ఉప్పూ, రంగు కోసం ఫినాఫ్తలీనూ కలిపి, హైడ్రోజన్ అయాన్ నడకను కంటితో చూశాడు. రంగు పోతున్న చోటే దాని అడుగు. ఆ జెల్లీలోని ఉప్పు ఒట్టిగా కరెంటు మోయడానికే ఉందనుకున్నారు. అది ఊరికే కూర్చోదని 1897లో కోల్‌రాష్ గణితంతో తేల్చాడు. రెండు అయాన్ల సరిహద్దు దగ్గర ముందున్న లవణం గాఢతే, వెనక వచ్చే అయాన్ ఎంత గాఢతలో సర్దుకోవాలో శాసిస్తుంది. ఆ సూత్రం అప్పట్లో ఎవరికీ పెద్దగా పనికిరాలేదు.

ఈలోగా ప్రాగ్‌లో ఇంకొక దారి తెరుచుకుంది. 1888లో ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్ కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రొటీన్‌ను ఏ లవణం ఎంత సులువుగా గడ్డకట్టిస్తుందో వరస కట్టాడు. ఆవేశం సమానంగా ఉన్నా లవణాల ప్రభావం సమానం కాదని ఆ వరస చెప్పింది. ఆయన చేసింది ప్రొటీన్ల పని. అయాన్లను విడదీసే ఉద్దేశం అందులో లేదు. కానీ శతాబ్దం తర్వాత రుణ అయాన్ల విభజనలో ఇంచుమించు అదే వరస ఎదురైంది. దాని సంగతి ముందు వస్తుంది.

1923లో డిబై, హ్యూకెల్‌లు గాఢత పెరిగితే అయాన్ ఎందుకు మందగిస్తుందో చెప్పారు. ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక ఆవేశమున్న అయాన్ల మబ్బు ఒకటి ఉంటుంది. అయాన్ ఒకవైపు పోతుంటే మబ్బు రెండోవైపు లాగుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ మబ్బు దగ్గరికి బిగుస్తుంది. ఒక లీటరులో ఒక మిల్లీమోల్ ఉప్పు ఉంటే దాని మందం సుమారు 10 నానోమీటర్లు, 100 మిల్లీమోల్ ఉంటే సుమారు ఒకటి. నాలుగేళ్ల లోపే ఆన్‌సాగర్ ఆ లెక్కను కదిలే అయాన్లకు సరిదిద్దాడు. ఇందులో ఒక విశేషం ఉంది. రెండు ఆవేశాలున్న సల్ఫేట్‌ను ఈ మబ్బు ఒంటి ఆవేశమున్న క్లోరైడ్‌కన్నా ఎక్కువగా వెనక్కి లాగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, అరవై ఏళ్ల తర్వాత పనికొస్తుంది.

అదే 1923లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ కెండల్ పెద్ద ఆశే పెట్టుకున్నాడు. పొడవాటి గొట్టాల్లో అగర్ జెల్లీ నింపి, వేరు చేయాల్సిన అయాన్ల ముందు వేగంగా పోయే అయానున్న లవణాన్నీ, వెనక నిదానంగా పోయేదాన్నీ పెట్టి కరెంటిచ్చాడు. క్లోరిన్ ఐసోటోపులను, అంటే 35, 37 బరువులున్న రెండు క్లోరైడ్‌లను, విడదీయాలన్నది లక్ష్యం. అది కుదరలేదు. అరుదైన మృత్తిక లోహాల దగ్గర మాత్రం పద్ధతి పనిచేసింది. ముందొక లవణం, వెనకొక లవణం అనే ఆ ఏర్పాటు తర్వాత ఐసోటాకోఫోరెసిస్ పేరుతో గట్టి పద్ధతిగా నిలబడింది. కోల్‌రాష్ 1897 నాటి సూత్రానికి అసలు విలువ అక్కడ దొరికింది. ఓడిపోయిన ప్రయోగం వదిలిపెట్టిన సామాను గెలిచిన ప్రయోగాలకన్నా ఎక్కువ పనికొచ్చిన సందర్భాల్లో ఇదొకటి.

క్రొమటోగ్రఫీ అప్పటికే వేరే తోవలో పుట్టింది. ష్వెట్ వార్సాలో ఆకుల రంగులను సుద్దపొడి స్తంభంలో విడదీసి 1906లో ఆ పేరు పెట్టాడు. కరెంటునూ స్తంభాన్నీ కలిపినవాడు హెరాల్డ్ స్ట్రెయిన్. 1939లో, స్టాన్‌ఫర్డ్ దగ్గరున్న కార్నెగీ సంస్థ ప్రయోగశాలలో, ష్వెట్ స్తంభం నిలువునా విద్యుత్తు పెట్టి రంగులను వేరు చేశాడు. అధిశోషణ ఒకపక్క, విద్యుత్ చలనం ఇంకోపక్క. ఎలక్ట్రోక్రొమటోగ్రఫీకి అదే తొలి మెట్టు. యుద్ధం తర్వాత ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో స్ట్రెయిన్ బృందం స్తంభం వదిలి కాగితం పట్టుకుంది. పైనుంచి ద్రావణం దిగుతుంటే అడ్డంగా కరెంటు లాగుతుంది. ఒక్కొక్క అయాన్ ఒక్కొక్క కోణంలో పక్కకు జరిగి, కాగితం అడుగున వేరువేరు చోట్ల చుక్కలుగా రాలుతుంది. 1950ల ఆరంభంలో వాళ్లు ప్రచురించిన ఈ నిరంతర విభజన అప్పటి అణు పరిశోధన అవసరాలకు చక్కగా సరిపోయింది.

కాగితం యుగం చౌక యుగం. వడపోత కాగితం పట్టీ, రెండు గిన్నెలు, కొన్ని వందల వోల్టులు ఉంటే చాలు. హాలైడ్‌లు ఎక్కడున్నాయో సిల్వర్ నైట్రేట్ చల్లి చూసేవారు. రేడియోధార్మిక అయోడిన్, ఫాస్ఫరస్ అయితే గీగర్ కౌంటర్ పలికేది. పారిస్‌లోని రేడియం సంస్థలో, తర్వాత రోమ్‌లో పనిచేసిన మైకేల్ లెడరర్ ఈ అకర్బన విభజనలకు పెద్దదిక్కు. 1958లో మొదలైన జర్నల్ ఆఫ్ క్రొమటోగ్రఫీకి వ్యవస్థాపక సంపాదకుడు ఆయనే.

ఉప్పు తన చెడ్డముఖం పూర్తిగా చూపింది ఆ కాగితం మీదే. ఉప్పు తక్కువైతే మచ్చలు సాగిపోయి తోకలు పడతాయి, ఎందుకంటే నమూనా అయాన్లే అక్కడి విద్యుత్ క్షేత్రాన్ని చెడగొడతాయి. ఉప్పు ఎక్కువైతే కరెంటు పెరుగుతుంది, కాగితం వేడెక్కుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరైన చోట ఉప్పు ఇంకా చిక్కబడి వేడి ఇంకా పెరుగుతుంది. ఆరిన మధ్యభాగంలోకి రెండు గిన్నెల నుంచీ ద్రావణం పాకి అయాన్ల లెక్కంతా తారుమారు చేస్తుంది. 1950లో క్రెమర్, టిసీలియస్‌లు కాగితాన్ని గాజుపలకల మధ్య పెట్టి క్లోరోబెంజీన్‌లో ముంచారు. నీళ్లతో కలవని ఆ ద్రవం వేడిని లాగేస్తుంది, ఆవిరిని ఆపుతుంది. ఇవి చాలవన్నట్టు సెల్యులోజ్‌లోని రుణావేశం వల్ల ద్రవం రుణ ధ్రువం వైపు, అంటే మన అయాన్లకు ఎదురుగా పాకుతుంది. రాయిస్ చూసిన ప్రవాహమే ఇది. దీన్ని కొలవడానికి ఆవేశం లేని పదార్థాన్ని పక్కన పెట్టి, అది జరిగినంత దూరాన్ని లెక్కలోంచి తీసేసేవారు. ఉప్పు పెరిగితే ఈ ఎదురు ప్రవాహం తగ్గుతుంది, అయాన్ వేగమూ తగ్గుతుంది. రెండూ ఒకేసారి మారడంతో ఆ కాలపు చాలా ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టం. ఒకరు 0.1 మోలార్ అమోనియం కార్బొనేట్‌లో కొలిస్తే ఇంకొకరు 0.05లో కొలిచేవారు.

వేడికి అసలు మందు సన్నదనం. నెదర్లాండ్స్‌లోని ఐంట్‌హోవెన్‌లో మిక్కర్స్, ఎవరార్ట్స్, ఫెర్‌హెగెన్‌లు 1979లో 0.2 మిల్లీమీటరు టెఫ్లాన్ గొట్టంలో చిన్న అయాన్లను విడదీసి, డిటెక్టర్ గీతలో ఒక్కో అయాన్ వేసే శిఖరాలు ఎందుకు వంగుతాయో వివరించారు. నేపథ్య లవణంలోని అయాన్ వేగం నమూనా అయాన్ వేగానికి దగ్గరగా ఉంటే శిఖరం నిటారుగా నిలుస్తుంది. తేడా ఉంటే ఒక పక్కకు ఒరిగిపోతుంది. లవణాన్ని దొరికింది దొరికినట్టు పోయకుండా ఎంచుకుని కలపాలని అంత స్పష్టంగా చెప్పింది ఈ పనే. రెండేళ్ల తర్వాత, 1981లో, నార్త్ కరొలైనా చాపెల్ హిల్‌లో జోర్గెన్‌సన్, లూకాక్స్ 75 మైక్రాన్ల గాజు గొట్టంలో 30 వేల వోల్టుల దాకా పెట్టి లోకాన్ని తమవైపు తిప్పుకున్నారు. పేరంతా వాళ్లకొచ్చింది. లవణం గురించిన ఆలోచన మాత్రం ఐంట్‌హోవెన్‌దే అని నేనంటాను.

సన్న గొట్టం రుణ అయాన్లకు వెంటనే వరం కాలేదు. సిలికా గోడకు రుణావేశం ఉంటుంది కాబట్టి ద్రవం రుణ ధ్రువం వైపు పోతుంది. క్లోరైడ్ దానికి ఎదురు తిరిగి ధన ధ్రువం వైపు పరుగెత్తుతుంది. దాని వేగమే ఎక్కువ కాబట్టి డిటెక్టర్ దాకా రానే రాదు. దీనికి విరుగుడు టెట్రాడెసిల్ ట్రైమిథైల్ అమోనియం వంటి ధనావేశ సర్ఫాక్టెంట్, అంటే సబ్బు తరహా పదార్థం. చిటికెడు కలిపితే అది గోడకు రెండు పొరలుగా అంటుకుని ఆవేశాన్ని తిరగేస్తుంది. ప్రవాహం కూడా అయాన్లతో కలిసి ఒకే దిక్కుకు నడుస్తుంది. 1990 ప్రాంతంలో వాటర్స్ కంపెనీలో యాండిక్, జోన్స్ దీనికి క్రోమేట్ లవణాన్ని జోడించారు. క్రోమేట్ 254 నానోమీటర్ల కాంతిని పీలుస్తుంది. రుణ అయాన్ వచ్చిన చోట క్రోమేట్ తొలగి వెలుగు పెరుగుతుంది. దాని వేగమూ క్లోరైడ్ వేగానికి దగ్గరే కాబట్టి శిఖరాలు సూదుల్లా నిలిచాయి. ముప్పై అయాన్లు తొంభై సెకన్ల లోపు విడిపోయిన వాళ్ల చిత్రం ఆ రోజుల్లో ప్రతి సమీక్షా వ్యాసంలోనూ కనబడేది.

ఆ చిత్రంలో అయాన్లు వచ్చే వరస చూడండి. బ్రోమైడ్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రైట్, నైట్రేట్, ఫ్లోరైడ్, ఫాస్ఫేట్. అతి పలుచని నీటిలో ఒక ఆవేశానికి లెక్కగడితే సల్ఫేట్ అంకె 80, బ్రోమైడ్‌కన్నా ఎక్కువ. న్యాయంగా అదే ముందు రావాలి. కానీ కేవలం 5 మిల్లీమోలార్ క్రోమేట్‌లోనే అది క్లోరైడ్ వెనక్కి వెళ్లిపోయింది. గుర్తుంచుకోమన్న ఆన్‌సాగర్ లెక్క ఇదే. ఇంకాస్త ఉప్పు పెంచితే సల్ఫేట్ ఇంకా వెనక్కి జరుగుతుంది. పుస్తకంలోని వాహకత్వ పట్టిక చూసి శిఖరానికి పేరు పెట్టేసేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆ సర్ఫాక్టెంట్ సీసాలో దొరికేది బ్రోమైడ్ లవణంగా. బ్రోమైడ్‌ను కొలవాలనుకున్న ద్రావణంలో మనమే బ్రోమైడ్ కలిపినట్టయింది. అయాన్ వినిమయ రెసిన్ మీదుగా పంపి దాన్ని హైడ్రాక్సైడ్ రూపంలోకి మార్చుకోవాల్సి వచ్చింది. కలిపేవాటి జోడీ అయాన్ కూడా లెక్కలోదేనని అందరికీ తెలిసొచ్చింది.

అయోడైడ్, బ్రోమైడ్ పేచీ మాత్రం తీరలేదు. దాన్ని తీర్చినవి ద్రావణంలోనే తేలే అయాన్ వినిమయ పదార్థాలు. 1990లో జపాన్‌లో తెరాబె, ఇసెమురాలు ధనావేశమున్న పాలిమర్‌ను ద్రావణంలో కరిగించి, విద్యుత్ వేగం అచ్చంగా ఒకటే అయిన ఐసోమర్ అయాన్లను విడదీశారు. 1992లో కనెటా బృందం ధనావేశ మిసెల్లులతో (సర్ఫాక్టెంట్ అణువుల గుంపులతో) అకర్బన రుణ అయాన్ల నడకను పరిశీలించింది. 1994లో కెనడాలో స్టాథాకిస్, కాసిడీలు అకర్బన రుణ అయాన్లకే పాలిమర్ వాడి చూపారు. ఇక్కడే హోఫ్‌మైస్టర్ తిరిగి వస్తాడు. ఫ్లోరైడ్, క్లోరైడ్ ఆ పాలిమర్‌ను పెద్దగా పట్టించుకోవు. నీటిని వదులుగా పట్టుకునే అయోడైడ్, థయోసయనేట్, పెర్‌క్లోరేట్ దానికి గట్టిగా అంటుకుని వెనకబడతాయి. వేగంలో కవలలైనవి ఇష్టాయిష్టాల్లో విడిపోయాయి.

ఇక్కడ కలిపే లవణానికి నిజమైన పెత్తనం దక్కింది. పాలిమర్ మీది ధనావేశాలు బస్సులో సీట్లనుకుంటే, మనం కలిపిన క్లోరైడో సల్ఫేటో ముందే ఎక్కి కూర్చుంటుంది, నమూనా అయాన్‌కు చోటు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది లెక్కకు దొరుకుతుంది. ఒంటి ఆవేశపు లవణం గాఢతను రెట్టింపు చేస్తే ఒంటి ఆవేశపు అయాన్ పట్టు సగమవుతుంది, సల్ఫేట్ పట్టు నాలుగోవంతుకు పడుతుంది. ఒక్క మీట తిప్పితే వరస మారుతుంది. ఉప్పు తక్కువ ఉన్నప్పుడు వినిమయం ఏలుతుంది, ఎక్కువైతే విద్యుత్ వేగం ఏలుతుంది, మధ్యలో ఎక్కడ ఆపాలో నిర్ణయం మనది. 2000 ప్రాంతంలో టాస్మానియాలోని హోబర్ట్‌లో హాడాడ్, హిల్డర్, క్లాంఫల్, బ్రెడ్‌మోర్‌లు వినిమయ పొడి నింపిన, వినిమయ పూత పూసిన గొట్టాలతో ఈ లెక్కను పద్ధతిగా కట్టారు. స్ట్రెయిన్ 1939లో కలిపిన జోడీ అరవై ఏళ్లకు అకర్బన రుణ అయాన్ల దగ్గర లెక్కకు లొంగింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది అయోవాలో జేమ్స్ ఫ్రిట్జ్ చూపిన మొండిధైర్యం. ఉప్పంటే భయపడే రంగంలో, 1990ల చివర, ఆయన బృందం 100 మిల్లీమోలార్ దాటిన లవణ ద్రావణాల్లోనే రుణ అయాన్లను విడదీసింది. సన్న గొట్టం, తగ్గించిన వోల్టేజీ వేడిని అదుపులో పెట్టాయి. నైట్రేట్, బ్రోమైడ్, అయోడైడ్ అతినీలలోహిత కాంతిని నేరుగా పీలుస్తాయి, సోడియం క్లోరైడ్ ఆ దగ్గర దాదాపు పారదర్శకం. కాబట్టి ఎంత ఉప్పున్నా డిటెక్టర్ కంటికి అడ్డం రాదు. దీనితో సముద్రపు నీరు దారికొచ్చింది. కిలో సముద్రపు నీటిలో క్లోరైడ్ సుమారు 19 గ్రాములు, బ్రోమైడ్ 65 మిల్లీగ్రాములకు కాస్త పైన, అయోడిన్ మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు. అలాంటి నమూనాను పలుచని బఫర్‌లోకి పంపితే శిఖరాలు చెదిరిపోతాయి. జపాన్‌లోని కోబెలో ఫుకుషి కృత్రిమ సముద్రపు నీటినే గొట్టంలో నింపి, అసలు సముద్రపు నీటిలోని నైట్రైట్, నైట్రేట్‌లను కొలిచాడు. లోపలా బయటా ఒకే ఉప్పు ఉంటే ఆ ఉప్పు ఇక అడ్డం కాదు.

మన నేలకు ఈ కథతో ఉన్న లంకె ఫ్లోరైడ్. 1937లో షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వెల్లడించింది. నల్లగొండ పేరు మోస్తున్న శుద్ధి పద్ధతిలో పటిక, సున్నం వేస్తారు. ఫ్లోరైడ్ తగ్గుతుంది, పటికతో సల్ఫేట్ పెరుగుతుంది. విశ్లేషకుడి ముందు నమూనా లవణం మారిపోయినట్టే. అదృష్టవశాత్తూ ఫ్లోరైడ్ విద్యుత్ క్షేత్రంలో విడిగా, నిదానంగా వస్తుంది. అయితే ఒక్క ఫ్లోరైడే కావాలంటే మన ప్రయోగశాలలు 1966 నుంచి అందుబాటులో ఉన్న లాంథనం ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ను ముంచి చూస్తాయి. అదే సబబు.

ఆ మాటకొస్తే రోజువారీ నీటి పరీక్షల్లో ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ ఓడిపోయిందనే చెప్పాలి. 1975లో డౌ కెమికల్‌లో హమీష్ స్మాల్, స్టీవెన్స్, బౌమన్ మొదలుపెట్టిన అయాన్ క్రొమటోగ్రఫీ ఆ చోటు ఆక్రమించింది. దాని బలం కూడా ఉప్పు దగ్గరే ఉంది. విడదీయడానికి లవణాన్ని వాడుకుని, డిటెక్టర్‌కు చేరేముందు దాని వాహకత్వాన్ని అణచివేస్తుంది. రోజుకు వంద నమూనాలు చూడాల్సిన ప్రయోగశాలకు ఆ నిలకడ ముఖ్యం. కరెంటు పద్ధతి మిగిలింది నమూనా బొట్టంతే ఉన్నచోట, ఉప్పు విపరీతంగా ఉన్నచోట, పరికరాన్ని సంచిలో వేసుకుపోవాల్సిన చోట. టాస్మానియా బృందం పేలుళ్ల తర్వాత మిగిలే నైట్రేట్, క్లోరేట్, పెర్‌క్లోరేట్ అవశేషాలను పట్టడానికి దీన్ని మలిచింది. నాసా జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల ఇతర గ్రహాలకు పంపదగ్గ చిన్న పరికరాల కోసం ఇదే పద్ధతిని పెంచుతోంది.

ఈ విషయం మీద పనిచేసే పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. మీ పత్రంలో గమనశీలత (విద్యుత్ క్షేత్రంలో అయాన్ వేగం) అంకె రాసేటప్పుడు పక్కనే లవణం పేరు, దాని జోడీ అయాన్, గాఢత, ఉష్ణోగ్రత కూడా రాయండి. అవి లేని కాగితం యుగపు పట్టికలు ఈ రోజుకీ పోలికకు పనికిరాకుండా పడి ఉన్నాయి.